గుంటూరులో బోర్డు లేని దుకాణాలను కనుక్కోవడం ఎలా?

ప్రశ్న: కొరిటెపాడుకు తిరిగొచ్చినవాడు

అందరికీ నమస్కారం. పద్దెనిమిదేళ్లు పుణెలో ఉద్యోగం చేసి, ఇంటి నుంచే పని చేసుకునే వీలు దొరకడంతో మొన్న సంక్రాంతి వెళ్లాక కొరిటెపాడులోని మా అమ్మగారి ఇంటికి వచ్చేశాను. పుట్టి పెరిగిన ఊరే అయినా, ఇప్పటి గుంటూరు నాకు బొత్తిగా తెలియదన్న సంగతి ఒక పరుపు వల్ల బయటపడింది.

అమ్మది పాత బూరుగు దూది పరుపు. మధ్యలో గుంటపడి, దూది ఉండలు కట్టి, పడుకుంటే నడుముకు గడ్డలు తగులుతున్నాయి. దూది ఏకించి, కొత్త గుడ్డ వేయించి, మళ్లీ కుట్టించుకురమ్మన్నారు. ఫోనులో వెతికితే ఫోము పరుపుల షోరూములు పదకొండు కనిపించాయి కాని, దూది ఏకే చోటు ఒక్కటీ కనిపించలేదు. మూడు రోజులు తిరిగాక, ప్యాంటు పొడవు తగ్గించమని ఇవ్వడానికి వెళ్లి దర్జీగారిని మాటవరసకు అడిగితే, ఆయన మిషను మీద నుంచి తల ఎత్తకుండానే "మా వెనక సందులోనే ఉంది కదండీ" అన్నారు. వెళ్లి చూస్తే ఒక రేకుల షెడ్డు, లోపల ఏకే మర, గోడల మీదా, వాసాల మీదా, పని చేస్తున్న పెద్దాయన కనుబొమల మీదా సన్నటి దూది. బోర్డు లేదు. తలుపు మీద సుద్దతో రాసిన ఫోను నంబరులో చివరి రెండు అంకెలు చెరిగిపోయాయి. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్నారట.

ఊళ్లో ఇటువంటివి ఇంకా ఎన్ని ఉండి ఉంటాయో అన్న ఆలోచన అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. పెద్ద సంస్థల బోర్డులు లేకుండా, సొంత పెట్టుబడితో, ఇంటి మనుషులే నడిపే దుకాణాలనూ పనిపట్టున్న వారినీ వెతికి పట్టుకోవడానికి మీరు ఏమి చేస్తారు? కనుక్కున్న తరువాత, ఊరికే మెచ్చుకోవడంతో సరిపెట్టకుండా, వారికి నిజంగా ఉపయోగపడేలా ఏమి చేయవచ్చు? కంప్యూటరు పని చేసేవాణ్ణి కనుక, అందరూ చూసుకునేలా ఒక పట్టిక తయారు చేయాలన్నది నాకు తోచిన ఉపాయం. పెద్ద కంపెనీ బోర్డు పెట్టుకుని మన ఊరివారే నడిపే దుకాణాన్ని అందులో చేర్చాలా వద్దా అన్నది మరొక సందేహం.

పనిలో పనిగా, నున్నబడిపోయిన రోలుకు గంట్లు కొట్టేవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు. అమ్మ జాబితాలో తరువాతి పని అదే.

జవాబు: నాలుగో లైను

కొరిటెపాడు గారూ, మీకు ఏకే మరను చూపించింది దర్జీ. నేను నలభై ఏళ్లుగా పాటిస్తున్న పద్ధతి కూడా అదే: ఒక పనివాడు దొరికితే ఆయన సరుకు ఎక్కడ కొంటాడో, ఆయన పనిముట్లు పాడైతే ఎక్కడ బాగుచేయించుకుంటాడో అడుగుతాను. దర్జీని అడిగితే గుండీల కొట్టూ, మిషను బాగుచేసే ఆయనా తెలుస్తారు. పెళ్లివంటల ఆయనను అడిగితే నెయ్యి ఎవరిది నిజమైనదో, గానుగ నూనె ఎవరు కళ్లముందు ఆడించి ఇస్తారో తెలుస్తుంది. పనివాడు ఇచ్చే సిఫారసులో మొహమాటం ఉండదు, ఎందుకంటే సరుకు బాగా లేకపోతే మాట పడేది ఆయనే.

రెండవది, నడవాలి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో అడ్రసంటే రెండు అంకెలే కదా, మొదటిది లైను, రెండవది అడ్డరోడ్డు. లైనులో ముఖం పెట్టిన గదికి అద్దె ఎక్కువ కావడంతో అక్కడ అద్దాల తలుపుల దుకాణాలు చేరుతున్నాయి; ఇరవై ఏళ్ల కిందట అదే లైనులో ఉన్న గడియారాల రిపేరు ఆయన, కళ్లజోళ్ల ఆయన, పుస్తకాలకు అట్టలు వేసే ఆయన ఒక్కొక్కరూ అడ్డరోడ్లలోకి, అక్కడి నుంచి మేడమీదకి జరిగిపోయారు. బండి మీద వెళ్తూ ఉంటే కనిపించరు. సాయంకాలం ఐదింటికి ఒక అడ్డరోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, మెట్ల పక్కన గోడకు కొట్టిన చిన్న రేకు పలకలను చదువుకుంటూ పోతే, నెల తిరిగేలోగా మీ పట్టిక నిండుతుంది.

ఇక గుంటూరుకు వచ్చినవారు తప్పక తెలుసుకోవలసినది కారం సంగతి. మిర్చి యార్డు ఊళ్లోనే ఉంది కదా అని నేరుగా అక్కడికి వెళ్లి రెండు కిలోలు అడిగితే పని జరగదు. అది రైతుకూ, కమీషను వ్యాపారికీ, కొనుగోలుదారుకూ మధ్య టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్కన నడిచే బేరం. మనబోటి వాళ్లు విడిగా కాయలు అమ్మే చిన్న కొట్లను చూసుకోవాలి. కొట్టుకు వెళ్లి "మంచి మిరపకాయలు ఇవ్వండి" అని కాకుండా, ఎందుకు కావాలో చెప్పండి. ఘాటు కావాలంటే తేజ రకం ఇస్తారు, రంగు కావాలంటే బ్యాడిగి కలపమంటారు, రోజువారీ కూరలకు 334 రకం చాలంటారు. అడగకుండానే ఇలా విడమరిచి చెప్పే కొట్టు దొరికిందంటే దాన్ని వదలకండి. కాయలు రెండు రోజులు ఎండబెట్టి, తొడిమలు తీసి, కారం మరకు తీసుకెళ్లండి. వెళ్లగానే మీకంటే ముందు ఏమి పట్టారో ఒకసారి చూసుకోండి. ధనియాల తరువాత అయితే ఫరవాలేదు, పసుపు తరువాత అయితే ఇంకొకరి మిరపకాయలు పట్టేదాకా బల్ల మీద కూర్చోవడం మేలు. మరలో నుంచి వచ్చిన కారం వేడిగా ఉంటుంది కనుక ఇంటికి తెచ్చి పళ్లెంలో పరిచి, పూర్తిగా చల్లారిన తరువాతే సీసాకు ఎత్తాలి. వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి ఉండ కడుతుంది. ఇదంతా నాకు నేర్పింది మా అడ్డరోడ్డులోని మర ఆయనే, ఎవరూ లేని ఒక మధ్యాహ్నం.

రోలు సంగతి మాత్రం నాకు తెలియదు. మా ఇంట్లో రోలు తులసికోటకు ఆనుకుని విశ్రాంతి తీసుకుంటోంది.

జవాబు: లాలాపేట కిరాణా

మా తాతగారు పెట్టిన కిరాణా కొట్టును నేను నడుపుతున్నాను కనుక కౌంటరు లోపలి నుంచి కొన్ని మాటలు చెప్పనివ్వండి. కొంచెం కటువుగా ఉంటే మన్నించాలి.

చిన్న కొట్ల మీద అభిమానం చూపేవారిని చూసి సంతోషించడంతో పాటు మేము కాస్త భయపడతాం కూడా, ఎందుకంటే ఆ అభిమానం చాలాసార్లు ఖాతా రూపంలో వస్తుంది. నెల మొదటి వారంలో, జీతం చేతిలో ఉన్నప్పుడు, సూపర్ మార్కెట్టుకు వెళ్లి తోపుడు బుట్ట నిండా తెచ్చుకుంటారు. ఇరవయ్యో తేదీ దాటాక మేము గుర్తొస్తాం. "రాసుకోండి బాబాయి గారూ" అంటారు. అక్కడ రొక్కం, ఇక్కడ అరువు. పట్నంబజారులో మాకు సరుకు వేసే హోల్‌సేలు ఆయన ఇచ్చే గడువు వారమో పది రోజులో ఉంటుంది. మీరు మాకు ఇచ్చేది నెలా రెండు నెలలు పడుతుంది. ఆ మధ్య దూరాన్ని మేము వడ్డీకి తెచ్చి పూడుస్తున్నాం. "అరువు రేపు" అని మా నాన్నగారు అట్ట మీద రాయించి వేలాడదీస్తే, సరిగ్గా ఆ అట్ట కింద నిలబడే అరువు అడిగేవారు. ఖాతా పెట్టుకోవడం తప్పని నేను అనను. కూలికి వెళ్లేవారికి, పింఛను కోసం ఎదురుచూసే పెద్దవారికి అది లేకపోతే ఇల్లు గడవదు. వారు చెప్పిన రోజుకు తెచ్చి కట్టేస్తారు కూడా. నా బాధంతా ఫోనులో డబ్బు ఉండి, రాసుకోమనే వారితోనే. కనుక మాకు మేలు చేయాలనుకునేవారు మొట్టమొదట చేయవలసిన పని బాకీ తీర్చడం. బజారులో కనిపించి, మా కొట్టు ముందు నుంచి కాక అవతలి వైపు నుంచి నడిచి వెళ్లడం మొదలుపెట్టారంటే బాకీ సంగతి మాకు గుర్తు చేస్తున్నట్టే.

ఇంకొక విషయం. మా మీద జాలితో సబ్బులూ పళ్లపొడులూ మా దగ్గరే కొనవలసిన పని లేదు. ప్యాకెట్టు మీద ధర అచ్చువేసిన సరుకులో మాకు మిగిలేది స్వల్పం. పెద్ద దుకాణాలు కంపెనీల నుంచి టోకున నేరుగా తెచ్చుకుంటాయి కనుక, వారు అమ్మే ధర ఒక్కోసారి డిస్ట్రిబ్యూటరు మాకు వేసే ధరకన్నా తక్కువగా ఉంటుంది. మా కన్ను పనికొచ్చేది విడి సరుకులో. కందిపప్పు ఏ మిల్లుది త్వరగా ఉడుకుతుందో, బెల్లం రంగు చూసి మందు కలిపారో లేదో మేము చూసి తెస్తాం. చింతపండు ఉంది, ఎండాకాలం ముందు వచ్చే కొత్తది ఎర్రగా ఉండి పులిహోరకు అందాన్ని ఇస్తుంది, నిరుటిది నల్లబడి పులుసుకు బాగుంటుంది. ఏది ఎందుకో అడిగి కొనేవారు నెలకు రెండు కిలోలే కొన్నా, మాకు వారే అసలు బేరం. ఆ అడిగేవారు తగ్గిపోతే మేము కూడా ప్యాకెట్లు అమ్ముకునే వాళ్లమే అవుతాం, అప్పుడు మా కొట్టుకు ప్రత్యేకంగా రావలసిన కారణం ఎవరికీ ఉండదు.

బిల్లు గురించి కూడా చెప్పాలి. జీఎస్టీ వేయని బిల్లు ఇస్తే మోసం చేస్తున్నామని కొందరు అనుమానిస్తారు. సరుకులు మాత్రమే అమ్మేవారికి మన రాష్ట్రంలో ఏడాది అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటేదాకా సాధారణంగా రిజిస్ట్రేషను అవసరం ఉండదు. కోటిన్నర లోపు ఉన్నవారు కాంపోజిషను పద్ధతిని ఎంచుకోవచ్చు. అప్పుడు వ్యాపారి తన అమ్మకాల మీద ఒక శాతం తానే కడతాడు, కొనేవారి దగ్గర పన్ను వసూలు చేయకూడదు, బిల్లు మీద పన్ను చూపకూడదు. ఆ సంగతి కొట్టులో బోర్డు మీద రాసి ఉండాలి. మా కొట్టులో క్యాలెండరు పక్కన ఉంది. ఇంతవరకు దాన్ని చదివినవారు ఇద్దరు. అందులో ఒకరు ఆడిటరు.

ఫ్రాంచైజీ, అంటే పెద్ద కంపెనీ బోర్డుతో ఊరివారే నడిపే దుకాణం, గురించి అడిగారు. అద్దె, జీతాలు ఊళ్లోనే ఉంటాయి కనుక వారిని పరాయివారని నేను అనను. కాని అలమరలో ఏ సరుకు పెట్టాలో నిర్ణయించేది ఎవరో చూడండి. పక్క ఊరి ఆమె చేసిన అప్పడాలు పది ప్యాకెట్లు పెట్టి చూద్దామని ఆ దుకాణం ఆయన అనుకున్నా పెట్టలేడు. నేను పెట్టగలను. పెట్టాను కూడా, ఆరు అమ్ముడయ్యాయి, మిగిలిన నాలుగు మేమే వేయించుకున్నాం.

జవాబు: విద్యానగర్ నివాసి

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కనుక రెండో వైపు నేను చెబుతాను. చిన్న దుకాణం అయినంత మాత్రాన మంచి దుకాణం కాదు. మా వీధిలో ఒక మిక్సీ రిపేరు ఆయనను ఐదేళ్లు అభిమానంగా పోషించాము. కిందటి ఏడాది బాగుచేయమని ఇచ్చిన మిక్సీలోని మోటారు స్థానంలో ఏదో పాత మోటారు వచ్చింది. రసీదు లేదు, అడిగితే "నమ్మకం లేకపోతే రాకండి" అన్నారు. విడిగా కొన్న కారంలో రంగు తేలడం కూడా మా ఇంట్లో చూశాం. సొంత ఊరి వ్యాపారమన్న మాటను అడ్డం పెట్టుకుని రసీదు ఇవ్వనివారిని, చెప్పిన రోజుకు ఇవ్వనివారిని, ప్రశ్నిస్తే చిన్నబుచ్చుకునేవారిని కూడా మనమే మోయాలా? ఆహార పదార్థమైతే ప్యాకెట్టు మీద 14 అంకెల ఆహార భద్రతా సంఖ్య ఉందో లేదో చూడటం, వస్తువైతే చేతిరాత రసీదు అయినా అడగటం నా నియమం. అది లేని చోట నాకు అభిమానం పుట్టదు.

జవాబు: పట్టాభిపురం పొడులు

విద్యానగర్ గారి మాటతో ఏకీభవిస్తాను. నేను ఇంట్లో కందిపొడి, కరివేపాకు కారం, గోంగూర పచ్చడి చేసి అమ్ముతాను. ఆ 14 అంకెల సంఖ్య తీసుకున్నాను, ప్రతి సీసా మీద తయారు చేసిన తేదీ రాస్తాను. అడిగితే నాకు కోపం రాదు. అడిగినవారికే ఇంకొక సీసా అమ్ముడవుతుందని అనుభవం మీద తెలుసుకున్నాను.

అయితే మా వైపు కష్టం కూడా ఒకటి ఉంది. సీసాలు కొనే ఇళ్లవాళ్లు అక్కడికక్కడే డబ్బు ఇస్తారు. పెద్దమొత్తంలో కొనే వారితోనే చిక్కు. రెండేళ్ల కిందట ఒక హాస్టలువారు నెలకు నలభై కిలోల పొడులు కావాలన్నారు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. వాటి కోసం ఇద్దరు మనుషులను పెట్టుకుని, పప్పులు అప్పు మీద తెచ్చి, మూడు నెలలు పంపాను. మొదటి నెల డబ్బు ఐదవ నెలలో వచ్చింది. అడగడానికి వెళ్తే సంతకం పెట్టవలసిన సారు ఎప్పుడూ అప్పుడే బయటికి వెళ్లి ఉండేవారు. అక్కడ వరండాలో కూర్చుని ఉండగా పరిచయమైన ఒక కూరగాయల ఆయన, ఉద్యమ్‌లో, అంటే చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన నమోదులో, పేరు నమోదు చేసుకున్నావా అమ్మా అని అడిగారు. అప్పటిదాకా నాకు ఆ పేరే తెలియదు. నమోదుకు రుసుము లేదు. 2020 జూలై 1 నుంచి అమలులో ఉంది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, నాలా తయారు చేసి అమ్మే చిన్న సంస్థకు రాతపూర్వకంగా ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు మించకుండా, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో కొన్నవారు డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. ఇవ్వకపోతే, ఇటువంటి బాకీల తగాదాలు వినే ఫెసిలిటేషన్ కౌన్సిలుకు వెళ్లవచ్చు. నేను వెళ్లలేదు. రెండవ ఆర్డరు పోగొట్టుకునే ధైర్యం నాకు అప్పుడు లేదు. ఇప్పుడు మాత్రం పెద్ద ఆర్డరుకు సగం ముందే ఇస్తే తప్ప పప్పు వేయించడం లేదు.

కనుక, మీలో ఆఫీసుల్లో, కాలేజీల్లో, కల్యాణ మండపాల్లో కొనుగోలు చూసే ఉద్యోగాల్లో ఉన్నవారు ఉంటే, చిన్నవారి బిల్లును ఫైలులో పైన పెట్టండి. మా పొడి బాగుందని పదిమందికి చెప్పడం కన్నా అది మాకు ఎక్కువ.

జవాబు: సింగ్ నగర్ నుంచి

మాది విజయవాడ. ఖాతాల మాట వచ్చింది కనుక ఒకటి చెబుతాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు, మేము జాకెట్లు కుట్టించుకునే ఆవిడ దుకాణంలోకి నీళ్లు వచ్చి రోజుల తరబడి నిలిచాయి. మిషన్ల మోటార్లు పోయాయి, కుట్టడానికి ఇచ్చిన పట్టు జాకెట్టు గుడ్డలన్నీ బురదయ్యాయి, బాకీల పుస్తకం ముద్దయి విడదీయడానికి రాలేదు. నీళ్లు తీశాక కొందరు వచ్చి, తాము ఎంత ఇవ్వాలో తామే చెప్పి ఇచ్చి వెళ్లారు. అందరూ రాలేదు. తమ పట్టుగుడ్డకు డబ్బు కట్టమని అడిగినవారు కూడా ఉన్నారు. ఆవిడ ఇప్పుడు పుస్తకంతో పాటు ఫోనులో ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకుంటున్నారు.

జవాబు: గుంట మగ్గం

మంగళగిరి మీకు ఆటో దూరంలోనే ఉంది కనుక మా సంగతి కూడా వినండి. మా ఇంట్లో మా నాన్నగారు, మా అన్నయ్య ఇంకా గుంట మగ్గం మీద, అంటే నేలలో తీసిన గుంటలో కాళ్లు పెట్టుకుని, నేస్తున్నారు. నేను నేయను, లెక్కలు చూస్తాను.

మంగళగిరి చీరకు, బట్టకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా రహదారి పక్క దుకాణాల్లో మంగళగిరి పేరుతో అమ్మే ప్రతి బట్టా మగ్గం మీద నేసింది కాదు. మరమగ్గం బట్ట కూడా అదే నిజాం అంచుతో అదే అలమరలో కూర్చుంటుంది. కొనేవారు చేనేత గుర్తు చీటీ చూడాలి. దానితో పాటు అంచు దగ్గర గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. నేసేటప్పుడు గుడ్డ వెడల్పు తగ్గకుండా రెండు వైపులా బిగించి పట్టే కర్రకు చివర ముళ్లు ఉంటాయి. మా అన్నయ్య జానెడు నేయగానే ఆ కర్రను తీసి ముందుకు గుచ్చుతాడు. ఆ ముళ్ల గుర్తులు అంచు వెంట సూది పోట్లలా వరుసగా కనిపిస్తాయి. కొందరు దాన్ని లోపమనుకుని ధర తగ్గించమంటారు!

అన్నింటికన్నా ముఖ్యమైనది కాలం. మీరంతా పండుగలకూ పెళ్లిళ్లకూ కొంటారు. మాకు చేతిలో డబ్బు ఆడనిది వానాకాలంలో. గుంటలోకి నీరు ఊరుతుంది, పడుగుకు గంజి పట్టించి ఆరబెట్టడానికి వీధిలో ఎండ ఉండదు, చెమ్మకు పోగులు తెగుతాయి. పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆగితే కూలి ఆగుతుంది. అప్పటికే నేసి మడతపెట్టిన నాలుగు చీరలు ఇంట్లో ఉంటే, షావుకారు చెప్పిన ధరకు ఇచ్చేయవలసి వస్తుంది. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం కదా, ఆ రోజు మగ్గం పక్కన నిలబడి ఫోటోలు తీసుకోవడానికి చాలామంది వస్తారు. మా నాన్నగారు ఓపికగా నాడె పట్టుకుని చూపిస్తారు. వచ్చినవారిలో ఎవరైనా, సంక్రాంతికి కొనదలచుకున్న చీరను ఆ ఆగస్టులోనే కొనుక్కుని వెళితే, ఆ నెల షావుకారు గుమ్మం ఎక్కవలసిన పని మాకు తప్పుతుంది. చీర పాడైపోయే వస్తువు కాదు కదా, మీ బీరువాలో ఉన్నా ఒకటే, మా పెట్టెలో ఉన్నా ఒకటే.

మళ్లీ: కొరిటెపాడుకు తిరిగొచ్చినవాడు

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పది రోజుల్లో జరిగింది చెబుతాను.

పట్టిక మొదలుపెట్టాను కాని మొదటి వరుసలోనే ఆగిపోయింది. దూది ఏకే పెద్దాయన దగ్గరికి పరుపు తీసుకోవడానికి వెళ్లినప్పుడు, మీ పేరూ నంబరూ అందరికీ కనిపించేలా పెడతానని చెప్పాను. ఆయన వద్దన్నారు. రోజుకు రెండు పరుపులకన్నా చేయలేరట, దుమ్ముకు ఊపిరి ఆడటం లేదట, ఫోను మోగితే మర ఆపి ఎత్తవలసి వస్తుందట. "తెలిసినవాళ్లు వస్తే చాలండీ" అన్నారు. అడగకుండా పెట్టేసి ఉంటే నేను చేసిన మేలు అలా ఉండేది. కాబట్టి ఇప్పుడు ఎవరినైనా అడిగి, ఒప్పుకుంటేనే రాస్తున్నాను. అదీ "మంచి దుకాణం" అని కాకుండా, ఏ వస్తువు, ఏ వేళ వెళ్లాలి, మనం ఏమి తీసుకెళ్లాలి అన్నంతవరకే. కారం మర ఆయన ఒప్పుకున్నారు, ఉదయం పదింటి లోపు రమ్మని రాయమన్నారు.

లాలాపేట గారి జవాబు చదివిన రాత్రి, మనకు ఎక్కడైనా ఖాతా ఉందా అని అమ్మను అడిగాను. ఆమె కాసేపు టీవీ వైపే చూసి, మా సందు చివరి కొట్టులో ఉందన్నారు. దసరా నుంచి రాయించుకున్నవి, 1,840 రూపాయలు. నెలనెలా డబ్బు పంపుతున్నాను కదా అంటే, "నువ్వు పంపింది మందులకు సరిపోతోంది, ఇంకా అడిగితే నీకు లెక్క తెలుస్తుందని ఊరుకున్నాను" అన్నారు. మరునాడు పొద్దున్నే వెళ్లి కట్టాను. కొట్టు ఆయన పుస్తకం తీసి, అమ్మ పేరున్న పేజీ మీద ఆ మూల నుంచి ఈ మూలకు గీత గీసి, తరువాతి పేజీలో మళ్లీ అమ్మ పేరు రాసి పెట్టుకున్నారు. ఎందుకండీ అంటే, "ఆవిడ వస్తారు లెండి" అన్నారు.

రోలు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

జవాబు: నాలుగో లైను

రోలు గురించి మా ఇంట్లో అడిగి తెలుసుకున్నాను. గంట్లు కొట్టేవారికి దుకాణం ఉండదట. ఆవకాయ రోజులకు ముందు, ఎండ ముదరకముందే, ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని వీధుల్లో కేక వేసుకుంటూ వెళ్తారట. కిందటి ఏడాది మా అడ్డరోడ్డుకు వచ్చారు. మేము ఏసీ వేసుకుని తలుపులు మూసుకోవడం వల్ల వినపడలేదు. పనమ్మాయి పిలిచి వాళ్ల ఇంటి రోలుకు కొట్టించుకుందట. ఈసారి వస్తే మీ ఇంటికి పంపమని ఆ అమ్మాయికే చెప్పాను. మీ గుమ్మం గుర్తు ఏదైనా ఉంటే రాయండి.